ఎండలో కనబడే తెర

ఏప్రిల్ 8, మంగళవారం

బాలాపూర్ ప్లాటు. అన్నదమ్ముల పంపకం. మధ్య హద్దు కొలిచి, సున్నంతో గీత పోయించి ఇచ్చాను. ఎండకు ల్యాప్‌టాప్ తెరలో నా ముఖం తప్ప ఏమీ కనబడలేదు... తల మీద నుంచి దాని మీదికి చున్నీ కప్పుకుని పని కానిచ్చాను. ఎప్పటిలాగే.

ఏప్రిల్ 10

ఆ అన్నదమ్ముల్లో తమ్ముడు, నర్సింహ ఫోన్. వాళ్లన్న యాదయ్య అప్పుడే పునాది తవ్విస్తున్నాడట. "చున్నీ కింద ఏం మార్చిన్రో ఎవలకెరుక మేడం? మాకు సూపియ్యనే లేదు."

పన్నెండేళ్లుగా సర్వే చేస్తున్నాను, ఈ మాట ఎవరూ అనలేదు. ఒళ్లు మండింది. మంగళవారం వచ్చి నీ కళ్ల ముందే చూపిస్తానన్నాను.

ఏప్రిల్ 11

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్. ఎండలో కనబడే ల్యాప్‌టాప్ కోసం రెండు షాపులు. ఏసీ గదిలో అన్ని తెరలూ మెరుస్తాయి. "కింద పడ్డా ఏం కాదు మేడం." ఎంత ఎత్తు నుంచి? తెలియదు. లోపలికి దుమ్ము పోతే? "కవర్ ఇస్తం." నా పనికి కవరు చాలట.

ఏప్రిల్ 12

మూడో షాపు, సెకండ్‌హ్యాండ్. గుంటూరు వైపు మనిషి. లోపలి నుంచి ఒకటి తెచ్చాడు — రబ్బరు అంచులు, ప్రతి పోర్టుకూ మూత, ఇటుక బరువు. "చూడ్డానికి బాగోదండీ, ఎవరూ అడగరు. పని మాత్రం మొండిగా చేస్తుంది."

బయటికి తెమ్మన్నాను. మిట్టమధ్యాహ్నం, రోడ్డు పక్కన. అతను ఎడమ పక్క, నేను కుడి పక్క. ఇద్దరికీ అక్షరాలు కనబడ్డాయి. తీసుకున్నాను.

"అందరూ పడితే పగులుద్దా అంటారండీ. మీరేంటండీ, పక్కనోళ్లకి కనపడుద్దా అంటారు?"



ఏప్రిల్ 13

భుజం నొప్పి.

ఏప్రిల్ 15, మంగళవారం

బాలాపూర్. యాదయ్య పునాది గోడ నా సున్నం గీత మీదే మోకాలెత్తు లేచింది. ల్యాప్‌టాప్ బండి సీటు మీద పెట్టాను. ఒక పక్క అన్న, ఒక పక్క తమ్ముడు. ముందు ఆ రోజు ఫైలే తెరిచాను, ఏమీ మార్చలేదని చూపించడానికి. కాస్త పొగరుగానే.

తెర మీద రెండు చుక్కలు, పక్కపక్కనే. ఒకటి హద్దు రాయి, ఒకటి కరెంటు స్తంభం. గీత స్తంభం నుంచి మొదలైంది... ఆ రోజు సరిగ్గా కనబడక రాయి అనుకుని దాన్ని నొక్కాను. హద్దు ఒకటిన్నర అడుగు తమ్ముడి వైపు జరిగిపోయింది. నేనే చేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నర్సింహ వేలు గీత వెంబడే పోయి ఆ చుక్క దగ్గర ఆగింది. "మేడం, గిది రాయేనా?"

"కాదన్నా."

యాదయ్య తన గోడ వైపు చూశాడు. "జర అది మూసెయ్యుండ్రి మేడం."

నర్సింహ మూయనివ్వలేదు.

వచ్చేస్తుంటే ఇద్దరూ రేపు రమ్మన్నారు — ఒకరికి తెలియకుండా ఒకరు.