చెల్లెలి వైపు కొస

ఖాళీ అయిపోయిన మా రేవులో ఇంకా పొయ్యి వెలిగిస్తున్న ఒకే ఒక్క మనిషిని, వలలు కుట్టి బతికినదాన్ని, నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నాకు నచ్చినట్లు చెప్పి రాయించిన వీలునామా ఇది. తెలివి సంగతి డాక్టరు కాగితం రాసిచ్చాడు. మోకాళ్ళ సంగతి ఆయన్ని అడిగి లాభం లేదు.

1. నా తదనంతరం ఈ ఇల్లు, సముద్రం మిగిల్చినంత మేరకు, సర్వహక్కులతో మా చెల్లెలి కొడుక్కి, అంటే నా కొడుక్కి, చెందాలి. దీని అమలు బాధ్యత కూడా వాడిదే. వాన పడితే గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టాలో వాడికి తెలుసు.

2. మా రేవు మీద నవల రాసిన రచయితగారికి నా ముక్కాలి పీట. వచ్చిన రోజల్లా దాని మీదే కూర్చున్నారు. పుస్తకంలో నన్ను ‘సముద్రంకేసి మౌనంగా చూసే వృద్ధురాలు’ అన్నారు. మౌనం మా ఇంటావంటా లేదు. ఆ రోజు పంటినొప్పికి బుగ్గలో లవంగం పెట్టుకున్నాను. తాళాలు వేసిన ఇళ్ళ గురించి మాత్రం బాగా రాశారు. చదివించుకుని ఏడ్చాను.

3. ఆ నవల చివర అక్కాచెల్లెళ్ళు కావలించుకుంటారు. అది శుద్ధ అబద్ధం. నా ముడులు వదులని నలుగురిలో అని, వల సగంలో వదిలేసి మా చెల్లెలు పట్నం పోయింది. మళ్ళీ గడప తొక్కలేదు. పైగా ఇప్పుడు ఆ పుస్తకం అందరికీ చూపించి, మేం కలిసిపోయామని చెప్పుకుంటోందట. బెల్లం అని రాసి నాకితే తియ్యగా ఉంటుందా?

4. ఆ పెద్ద వల చెల్లెలికే. చెరో కొస నుంచి కుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలవడం మా పద్ధతి. ఒకరి వైపు మరొకరు చెయ్యి పెట్టకూడదు. నా సగం ఎప్పుడో అయిపోయింది. దాని సగం చిరుగులతో అలాగే ఉంది. ఆ వల వేయడానికి ఇప్పుడు పడవా లేదు, మనిషీ లేడు. అయినా కుట్టాల్సిందే. కుట్టేదాకా నా వెండి కడియాలు దానికి ఇవ్వకూడదు. చిన్నప్పటి నుంచీ వాటి మీదే దాని కన్ను.

5. పైన రాసినదంతా చెల్లెలు నేను పోయాక వస్తేనే. ముందే వస్తే ఈ వీలునామా రద్దు. కడియాలు ఆ రోజే నా చేత్తో తొడుగుతాను. తిట్టుకుంటూ కుట్టుకుందాం. సముద్రం మీద ప్రేమకొద్దీ నేను ఈ చోటు వదల్లేదని రచయితగారు రాశారు. అదేం కాదు. చెల్లెలు వచ్చిన రోజు తలుపు తీయడానికి మనిషి ఉండాలని ఉన్నాను.

తేదీ: మార్చి పద్నాలుగు.
సంతకం: వలలక్క.
సాక్షులు: వారానికోసారి మందులు తెచ్చే నర్సమ్మ, ఐసు ఫ్యాక్టరీ కాపలాదారు (ఫ్యాక్టరీ పోయింది, కాపలా ఉంది).