రెండు ఎడమ రెక్కలు

అల్వాల్,
ఫిబ్రవరి 9, సోమవారం.

ప్రియమైన వసూ,

ఉత్తరం మొదట్లో ఇక్కడ అంతా బాగానే ఉంది అని రాయాలి. ఏమీ బాగా లేదు కాబట్టి రాయడం లేదు. నువ్వు సీతాఫల్‌మండిలో మీ అక్కయ్య ఇంటికి వెళ్ళి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఫోన్ చేస్తే శ్యామల వదిన ఎత్తుతుంది. నువ్వు బాగానే ఉన్నావని, నాతో మాట్లాడనంటున్నావని చెబుతుంది. ఎందుకని అడిగితే ఆ సంగతి నాకే తెలియాలంటుంది. నాకు తెలిస్తే ఇలా కాగితం ముందు కూర్చుంటానా? టింబర్ డిపోలో పాతికేళ్ళుగా చీటీలు రాస్తున్న చేయి ఇది. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. తప్పులుంటే సర్దుకో.

వెళ్ళేటప్పుడు "కొన్నాళ్ళు అక్క దగ్గర ఉంట" అన్నావు, అంతే. కొన్నాళ్ళంటే వారం అనుకున్నాను. వారం పోయింది, ఇంకో వారం పోయింది. మూడు పూటలా అన్నం, పెరుగు, ఆవకాయ. డిపోలో అందరూ చిక్కిపోయావంటున్నారు. వాళ్ళకు ఏమని చెప్పను?

చాలా ఆలోచించాను. మొదట జిగురు వాసనేమో అనుకున్నాను. హాలు మధ్యలో ఆ పెద్ద బల్ల, దాని మీద నా రిమోట్ విమానం ప్లాను, చుట్టూ తేలికపాటి బాల్సా చెక్క పొట్టు, సోఫా మీద బ్యాటరీలు, ఛార్జర్లు. ఆరేళ్ళుగా మన ఇంటికి చుట్టం వస్తే కూర్చోబెట్టడానికి చోటు లేదు. నువ్వు ఎప్పుడూ ఏమీ అనలేదు కాబట్టి నీకు ఇబ్బంది లేదనుకున్నాను. ఇప్పుడు ఆ బల్లను వెనక గదిలోకి జరిపాను. తర్వాత, పెళ్ళిరోజు మరిచిపోయానేమోనని క్యాలెండరు తీశాను. మరిచిపోలేదు, హోటలుకు కూడా తీసుకెళ్ళాను. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఒకసారి అన్నాను, అది నిజం. ఇలా వెతుక్కుంటూ పోతే చిన్న తప్పులు చాలానే దొరికాయి కానీ, ఇల్లు వదిలి వెళ్ళేటంత పెద్దది ఒక్కటీ దొరకలేదు. తల తిరిగిపోతోంది.

పోనీ, నువ్వు వెళ్ళడానికి రెండు రోజుల ముందు ఆదివారం ఎంత బాగా గడిచింది! శామీర్‌పేట దాటాక మన క్లబ్బు మైదానంలో ఆరో విమానం ఒక్క బ్యాటరీతో పన్నెండు నిమిషాలు గాలిలో ఉంది. నేను రిమోట్ పట్టుకుని నిలబడితే అందరూ చప్పట్లు కొట్టారు. క్లబ్బు వాళ్ళు వీడియో తీస్తూ ఎవరు కట్టారని అడిగారు. అంతా నేనే, ఒంటి చేత్తో అన్నాను. మరి మీ మేడం ఏం చేస్తారంటే, పైన అతికే రంగు కాగితానికి ఇస్త్రీ చేస్తుందని చెప్పాను. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావనే నాకు గుర్తు. అంత సంతోషంగా ఉన్న మనిషి రెండు రోజుల్లో సంచీ సర్దుకోవడం ఏమిటో నాకు అంతుపట్టడం లేదు.

నాకు కోపం కూడా ఉంది, దాచను. ఇరవై నాలుగేళ్ళ కాపురం తర్వాత కారణం ఒక్క మాట చెప్పి వెళ్తే నీ సొమ్మేం పోయింది? అందుకే పంతం కొద్దీ ఏడో విమానం మొదలుపెట్టాను. నువ్వు లేకపోతే ఇంట్లో పని ఆగిపోతుందనుకోకు. ఈ వారంలో రెక్కలు అయిపోతాయి. అయినా ఇది చదివి, కనీసం వదినతోనైనా కారణం చెప్పి పంపు. ఇంక తిరిగి రాకూడదని నిర్ణయించుకున్నావేమోనని నాకు భయంగా ఉంది. ఆ మాట ఫోనులో అడగలేను. అందుకే ఈ కాగితం.

ఎటూ తోచని
నీ యుగంధర్


అల్వాల్,
ఫిబ్రవరి 16, సోమవారం.

వసూ,

మొన్నటి ఉత్తరం చింపెయ్. లేదా ఉంచుకో, నేనెంత మూర్ఖుణ్ణో రుజువుగా పనికొస్తుంది.

జరిగింది చెబుతాను. ఎడమ రెక్క మంగళవారం పూర్తి చేశాను. ప్లాను మీద చెక్క పట్టీలు గుండుసూదులతో గుచ్చి, పక్కటెముకల్లాంటి అడ్డ చెక్కలు వరసగా నిలబెట్టి, జిగురు పెట్టి, ఎప్పటిలాగే. గురువారం అదే ప్లాను మీద రెండోది చేశాను. శనివారం విమానానికి బిగించబోతే కుదరలేదు. రెక్క ముందు అంచు వెనక్కి వస్తోంది. బోర్లా తిప్పితే అంచు ముందుకు వచ్చింది కానీ, చదునుగా ఉండాల్సిన అడుగు పైకి వచ్చింది. ఇటు తిప్పాను, అటు తిప్పాను. చెక్క వంగిందేమో అనుకున్నాను. ప్లాను తప్పు గీశారేమో అనుకున్నాను. పాతికేళ్ళు కలపతో బతికినవాణ్ణి, అరిచేతిలో తూగే ఆ చెక్క ముందు దిక్కుతోచక కూర్చున్నాను.

చివరికి హుజైఫాకు ఫోన్ చేశాను. క్లబ్బులో అందరి రిమోట్లు బాగుచేసి పెట్టే మన హుజైఫాయే. వచ్చాడు. రెండు రెక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అన్నా, రెండూ ఎడమవే గదా. ప్లాన్ల ఎడమ రెక్క ఒక్కటే గీసి ఉంటది. కుడిది చెయ్యాల్నంటే కాగితం తిరగెయ్యాలె. ఇన్నేండ్ల సంది కుడిది ఎవరు చేసిండ్రు?" అన్నాడు.

అతను వెళ్ళాక అటక మీది నుంచి పాత ప్లానులు ఆరూ దించాను. ప్రతి దాని వెనకా కొబ్బరినూనె మరక. నూనె రాస్తే అవతలి గీతలు ఇవతలికి కనిపిస్తాయి. ఆ గీతల మీద నీ నీలం సుద్ద గుర్తులు, నీ కొలతలు. జాకెట్టు కుడి ముందు భాగానికి ఎడమ కాగితాన్నే తిరగేసి కత్తిరిస్తావు కదా, అదే పద్ధతి. నాలుగో ప్లాను వెనక నీ రాత కూడా ఉంది: ఇక్కడ సన్నం, ఇంకో ముక్క వేసిన. ఆ విమానమే కదా కంచెకు కొట్టుకుని ఎడమ రెక్క ముక్కలైతే, కుడిది చెక్కు చెదరకుండా వచ్చింది! నేను పెట్టిన జిగురు అలాంటిదని పదిమందికీ చెప్పుకున్నాను.

ఆరేళ్ళుగా ఆదివారం ఎడమ రెక్క చేసి, సోమవారం డిపోకు వెళ్ళేవాణ్ణి. సాయంత్రం వచ్చేసరికి కుడిది బల్ల మీద ఉండేది. నాది చూసి చేసిందిలే అనుకునేవాణ్ణి. నాది చూసి చేస్తే నాలాగే రెండో ఎడమ వచ్చేది కదా! తన దాకా వస్తే గానీ తెలియదంటారు, నాకు ఇప్పుడు తెలిసింది.

ఇంకో మాట ఉంది. రాయడానికి చేయి రావడం లేదు. మొదటి విమానం అప్పుడు నువ్వు కాగితం తిప్పాలని ఏదో చెప్పబోయావు. నాకు తెలుసులే అని నోరు మూయించాను. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుంటే ఏం పోయేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు. కలప మనిషికి, బట్టలు కుట్టే భార్య చెక్క పని నేర్పిందంటే బోయిన్‌పల్లి డిపోలో నవ్వుతారని భయపడ్డానేమో. తర్వాత్తర్వాత ఆ సంగతి మరిచిపోయాను. మరిచిపోయానో, మరిచిపోయినట్టు ఉండిపోయానో కూడా సరిగ్గా చెప్పలేను.

నిన్న ఆ వీడియో మళ్ళీ చూశాను. నా వెనక విమానం పట్టుకుని నిలబడ్డావు. నేను ఒంటి చేత్తో అనగానే దాన్ని గడ్డి మీద పెట్టి పక్కకు వెళ్ళిపోయావు. నువ్వు నవ్వలేదు. నవ్వావని నేనే అనుకున్నాను.

సిగ్గుగా ఉంది వసూ. క్లబ్బులో అందరి ముందూ నిజం చెబుతాను. వీడియో మళ్ళీ తీయిస్తాను. నువ్వు వెళ్ళింది ఇందుకే కదా? ఇందుకేనని ఒక్కసారి చెప్పు. ఇది కూడా కాకపోతే ఇంక నాకు బుర్ర లేదని ఒప్పేసుకుంటాను.

నీ
యుగంధర్


సీతాఫల్‌మండి,
ఫిబ్రవరి 19, గురువారం.

ఏమండీ,

మీ ఉత్తరాలు రెండూ అందాయి. అక్క కూడా చదివింది. రెండో ఎడమ రెక్క దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను, ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను. నూనె మరకలు చూశారని కాదు. చూసింది నాకు రాశారని.

కానీ కారణం మీకు సగమే దొరికింది. వీడియోలో అలా అన్నందుకు బాధపడ్డ మాట నిజమే. పేరు కోసమైతే ఇల్లు వదిలేదాన్ని కాదు. అసలు ఎందుకు వచ్చేశానో మొదటి వారం నాకే తెలియలేదు. అక్క అడిగితే ఒకరోజు ఒకటి చెప్పాను, ఇంకోరోజు ఇంకోటి. చివరికి తెలిసింది. వీడియో తీసిన ఆదివారం మైదానం నుంచి తిరిగి వస్తుంటే కారులో, వచ్చే ఆదివారం ఒక్కసారి రిమోట్ నా చేతికి ఇస్తారా అని అడిగాను. ఆరేళ్ళలో అడగడం అదే మొదటిసారి. "పడగొడతవ్" అని నవ్వారు. రెండు ఉత్తరాల్లోనూ ఆ మాట లేదు. మీకు గుర్తే లేదన్నమాట. ఆరు విమానాల్లో సగం రెక్కలు నావి. ఒక్కటీ నా చేతిలో ఎగరలేదు.

అందుకని ఇక్కడ ఒకటి కట్టాను. అక్క బట్టలు కత్తిరించే బల్ల మీద. చిన్నదే, రెండు రెక్కలూ నేనే చేశాను. రిమోట్ నాకు నేర్పింది హుజైఫా భార్య జన్నత్. రోజూ పొద్దున్నే వచ్చి థర్మాకోల్ విమానంతో నేర్పించింది. హుజైఫాకు ఇదంతా తెలుసు, మీకు చెప్పవద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. విమానం మనకు దూరంగా పోతున్నప్పుడు కుడి కుడే. మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమవుతుంది. ఆ తికమకలో మూడుసార్లు పడేశాను. నాలుగోసారి దించాను.

ఈ ఆదివారం పొద్దున ఏడింటికి మైదానానికి రండి. వీడియో వద్దు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. బరువు ఎక్కువవుతుందని నా విమానానికి చక్రాలు పెట్టలేదు. మోటారు తిరిగాక ఎవరో ఒకరు చేత్తో విసరాలి. మీరు విసరండి. ముక్కు పైకెత్తకుండా, సమంగా, నేను చెప్పాకే.

నేను ఇంటికి రానేమోనని భయంగా ఉందన్నారు. నాకూ భయంగానే ఉంది, వచ్చి మళ్ళీ పాత మనిషిలాగే ఉండిపోతానేమోనని. అందుకే ఒక్కటి అడుగుతున్నాను. విసిరాక వచ్చి నా పక్కన నిలబడండి. అది వంకరగా పోయినా, చెట్టు మీదికి పోయినా, నేల మీదికి దూసుకొస్తున్నా, రిమోట్ కోసం చేయి చాచకండి. విమానం పగిలితే పగలనివ్వండి, ముక్కలు ఏరుకుని మీ కారు ఎక్కుతాను. మీ చేయి ముందుకు వచ్చిందంటే మాత్రం, అది క్షేమంగా దిగినా సరే, జన్నత్ బండి మీద సీతాఫల్‌మండికి వెళ్ళిపోతాను.

వసుధ