ఫోన్ చేసి అడిగాకే పూలు

మార్చి 3, ఉదయం 7
మేనకోడలు ఫోన్ చేసింది. నాన్న పోయారు మావయ్యా అంది. నేను నవ్వాను. ఈసారి ఐడియా కాస్త ముదిరింది, ఫోన్ మీ నాన్నకివ్వు అన్నాను. ముప్పై ఏళ్లుగా బావా నేనూ ఒకరినొకరు బకరాలను చేసుకుంటూ బతికినవాళ్లం. బావ గొంతు రాలేదు. వెనకాల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వచ్చింది.

అప్పుడు నమ్మాను.

మార్చి 3, ఉదయం 10
పూలకొట్టు. పూలు వాడకుండా లోపలంతా ఏసీ. అద్దాల మీద ఆవిరి. అవతల బస్సులు పెద్ద చేపల్లా మెల్లగా ఈదుకుంటూ పోతున్నాయి.

ఓనరమ్మ చూడగానే గుర్తుపట్టింది. పట్టదా మరి. పదకొండేళ్ల క్రితం బావ యాభయ్యో పుట్టినరోజుకి ఇక్కడినుంచే ఒక పూలచక్రం పంపాను, శవాల మీద పెట్టే సైజుది. ఆత్మకు శాంతి కలగాలని కార్డు కూడా పెట్టాను. వీధి వీధంతా ఏడుపు మొహాలేసుకుని వాళ్లింటికి వచ్చేసింది. బావ పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడ్డాడు. అక్క నా మొహాన తలుపేసింది. మళ్లీ తియ్యలేదు. అప్పట్నుంచి బావా నేనూ టీకొట్టులో దొంగల్లా కలుసుకునేవాళ్లం.

ఆ రోజే ఈ కొట్టులో ఒక రూల్ పుట్టింది. చావుకి పూలు ఎవరడిగినా సరే, ముందు ఆ ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలి. నన్ను వదిలెయ్యమ్మా అన్నాను. మీ పుణ్యాన పెట్టిన రూల్ మీకే తీసేస్తానా అంది. నంబరు చెప్పాను.

ఫోన్ చేసింది. అక్కే ఎత్తిందట. పూలు రానివ్వండి, వాడు మాత్రం రాకూడదు అందట.

ఉదయం 11
బావకి ఏ పువ్విష్టమో నాకు తెలియదు. చెప్పుల్లో జిగురు పోస్తే ఏ తిట్టు తిడతాడో తెలుసు.

ఒక్కో బకెట్ దగ్గరా ఆగాను. గులాబీలు పెళ్లికొచ్చినట్టు సింగారించుకున్నాయి. లిల్లీలు నన్నే అనుమానంగా చూశాయి. తెల్ల చామంతుల దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. ఆ తెలుపు అలా పరుచుకుంటూ పోయింది. గోడలు లేవు. కొట్టు లేదు. నా కాళ్లు కూడా ఎక్కడో దూరంగా ఉన్నాయి.

ఓనరమ్మ భుజం తట్టి ఇవేనా అంది. ఇవే అన్నాను. చక్రం వద్దు, ఊరికే కట్ట కట్టమన్నాను. కార్డు మీద ఏం రాయాలంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకేమీ తోచలేదు. ఖాళీ కార్డే పెట్టింది.

మధ్యాహ్నం
అక్క ఇంటికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాను. రాకూడదు అంది గానీ చూడకూడదు అనలేదుగా.

పూలు లోపలికి వెళ్లాయి. కాసేపటికి మేనకోడలు రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది. అమ్మ కట్ట మొత్తం విప్పేసిందట. రబ్బరు బల్లో, ప్లాస్టిక్ బొద్దింకో ఏదో ఒకటి ఉండే ఉంటుందని ఒక్కో కాడా దులిపి చూసిందట. కార్డు కిటికీ వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పిందట. చుట్టాలు బిత్తరపోయారట. అమ్మ మళ్లీ మొదట్నుంచీ వెతుకుతోంది మావయ్యా అంది.

అంతలో అక్కే గేటు దాకా వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. చీర నిండా చామంతి రేకులు.

“ఏమీ లేదేంట్రా ఇందులో?”

లేదక్కా అన్నాను.

“నిజంగా ఏమీ పెట్టలేదా?”

తల అడ్డంగా ఊపాను. అప్పుడు ఏడ్చింది. పొద్దుట్నుంచీ ఒక్క చుక్క రాలేదట. నా చొక్కా పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్లింది.

మార్చి 4
అంత్యక్రియలు అయిపోయాయి. బావ చివరిదాకా లేవలేదు.

మార్చి 5
కల. బావ చామంతుల మధ్య బాసింపట్టు వేసుకుని ఒక్కో కాడా వెతుకుతున్నాడు. దొరికింది అన్నాడు. గుప్పిట మూసేశాడు.

చూపించమంటే చూపించడు.