కుళాయి దగ్గర పెద్దరికం

జూన్ 4, సాయంత్రం 6:30

నేడు జరిగినవి, జరిగిన వరసలో:

1. నీటి నిర్వహణ మీద ప్రభుత్వ నిధులతో ఏ పరిశోధనలు జరగాలో తేల్చే కమిటీ తొలిసారి కూర్చుంది. అంశాలు పన్నెండు వచ్చాయి. నిధులు ఐదింటికే.
2. ప్రజల తరఫు సభ్యుణ్ణి నేనొక్కణ్ణే. పుస్తకాల బైండింగ్ నా వృత్తి. బైండింగ్‌కు వచ్చినవన్నీ చదవడమే నా చదువు.
3. అంశాన్ని ప్రతిపాదించినవారు దానికి ఓటు వేయరాదన్నాను. అందరూ ఒప్పుకున్నారు.
4. ఆపైన నా అంశం చెప్పాను: ఉమ్మడి కుళాయిల దగ్గర జనం వంతులు ఎలా కుదుర్చుకునేవారు?
5. ప్రొఫెసర్‌గారు నవ్వారు. భూగర్భజలాలు అడుగంటిపోతుంటే ఈ బిందెల పంచాయితీ ఏమిటండీ అన్నారు.
6. చైర్మన్ మేడమ్ మాత్రం, ఆ వంతుల నియమమేమిటో కనుక్కుని రండి, చూద్దాం అన్నారు.

జూన్ 5, ఉదయం 5:50

చిన్నప్పటి మా వీధి కుళాయి ఇప్పటికీ కళ్లముందు కదులుతోంది. నీళ్లు వచ్చేది గంటసేపు. పనికి పోయినవాళ్లకు బదులు వాళ్ల సొట్టచెంబు వరసలో నిలబడేది. దాన్ని ఎవరూ పక్కకు జరిపేవారు కాదు. ఎదుటి గుమ్మంలో మా పెద్దమ్మ, జుట్టు ముడి వేసుకుంటూ, తరువాత ఎవరో చెప్పేది. బిందె నిండేకొద్దీ ధార మోత మారిపోయేది. కళ్లు మూసుకుని అది ఎవరి బిందో చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో మూడు కుళాయిలు. ఒక్కటీ అలా మోగదు.

జూన్ 9, మధ్యాహ్నం 3:15

పెద్దమ్మను చూడడానికి వెళ్లాను. అక్క ఇంట్లో, మూడో అంతస్తులో ఉంటోంది. నియమం ఏమిటి పెద్దమ్మా అన్నాను. నియమమా నీ మొహమా అంది. మనుషుల్ని చూసి చెప్పేదాన్నిరా, రాత్రంతా పిల్లాడు దగ్గిన తల్లిని చూస్తే తెలిసిపోదూ అంది. ఎవరూ ఎదురుతిరగలేదా అంటే, ఎందుకు తిరగరు, నానా మాటలూ అని, పోతూపోతూ నా బిందె కూడా నింపి పెట్టేవాళ్లు అని పడీపడీ నవ్వింది. అక్క వంటింట్లోంచి, ఇదే రాసివ్వరా, ఫండ్స్ వరదలా వస్తాయి అని ఎత్తిపొడిచింది.

పెద్దమ్మకు ఎనభై రెండు. ఈ విడత అయ్యాక కమిటీ మళ్లీ కూర్చునేది ఐదేళ్లకు. అప్పటికి చెప్పేవాళ్లు ఉండరు.

జూన్ 10, సాయంత్రం 7:00

నియమం రాయబోయి మూడుసార్లు కొట్టివేశాను.

జూన్ 18, సాయంత్రం 6:05

నియమమేదీ లేదని, మా పెద్దమ్మ మనుషుల్ని చూసి వంతు చెప్పేదని కమిటీలో ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక పరిశోధించడానికేముందండీ అన్నారు ప్రొఫెసర్‌గారు. ఆవిడ గుమ్మంలో కూర్చోవడం మానేశాక ఏమైందని మేడమ్ అడిగారు. పెద్దమ్మకు మోకాళ్లు పట్టేసిన నెలలోనే తలలు పగిలాయనీ, మున్సిపాలిటీవాళ్లు కుళాయి పీకేశారనీ చెప్పాను. ఒక్క మనిషి మాట అంతమంది ఎందుకు విన్నారన్నదే అడగవలసిన ప్రశ్న అన్నారు మేడమ్.

నాలుగు అంశాలు సులువుగానే తేలాయి. ఐదో స్థానానికి నాదీ, ఇంటింటికీ నీటి మీటర్ల అంశమూ మిగిలాయి. చెరి నాలుగు చేతులు. నా వైపు లేచిన వాటిలో ప్రొఫెసర్‌గారిది ఒకటి! నా చెయ్యి నా ఒళ్లోనే ఉంది. చీటీ తీశారు. మీటర్లు వచ్చాయి.

జూన్ 19

పెద్దమ్మకు చెప్పాను. నీ చెయ్యి నువ్వే కట్టేసుకున్నావా వెర్రినాయనా అంది. మళ్లీ తనే, నేనూ అంతేలే, ఆ కుళాయి దగ్గర ఏనాడూ నా బిందె ముందు పెట్టుకోలేదు అంది.

ఉదయం 8:40. ఐదేళ్ల తరువాతి కమిటీ చదువుకోవడానికి, ఈ రాతల కింద పూర్తి పేరుతో సంతకం చేస్తున్నాను.