ఒక సున్నా ఎక్కువ

బోర్డుల మేస్త్రిగా ఊరంతా ఎరిగిన నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. బుర్ర సరిగ్గానే పనిచేస్తోందని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. మోకాళ్ల సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత రిటైరైన లెక్కల మాస్టారిది.

1. బజారులోని నా దుకాణం, నిచ్చెనలు, రంగు డబ్బాలు నా కొడుక్కి చెందాలి. కుంచెలు వాడాక కడగడం వాడికి ఈ జన్మలో అలవాటు కాదు. చెప్పి చెప్పి అలిసిపోయాను.

2. రేడియో కోడలికి. నా వార్తల గోల పదహారేళ్లు భరించింది. ఇక తనకు నచ్చిన పాటలు పెట్టుకోవచ్చు.

3. "మన ఊరు: చరిత్ర, చూడదగ్గ స్థలాలు" అనే నా పుస్తకం మిగిలిన ప్రతులన్నీ మునిసిపాలిటీకి. పండ్ల గోదాము గురించి, గూడ్సు బండ్లు ఆగిన పాత ప్లాట్‌ఫారం గురించి, ఊటబావి గురించి అందులో రాసినవి నిజాలే. పన్నెండో పేజీ మాత్రం చింపి ఇవ్వాలి. కారణం కింద రాస్తున్నాను.

4. నాలుగు రోడ్ల దగ్గర నాకున్న ఆరు సెంట్ల స్థలమూ, అందులోని బేరిచెట్టూ సర్వహక్కులతో నా చెల్లెలికి చెందాలి. చూడవచ్చినవాళ్లకు "రెండు వందల ఏళ్ల తల్లిచెట్టు" అని మేము చూపించేది దాన్నే. పన్నెండో పేజీలో నేను రాసిందీ అదే.

ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట మునిసిపాలిటీ రోడ్డు పక్క చెట్లన్నిటికీ వయసు బోర్డులు రాయించింది. ఈ చెట్టుకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఎండలో నిచ్చెన మీద నిలబడి ఒక సున్నా ఎక్కువ పెట్టాను. చెరిపేలోపే ఛైర్మను చూసి, "ఉండనీ మేస్త్రీ, బాగుంది" అన్నాడు. చెట్టును చూసి వయసు చెప్పలేనివాడు ఈ తోటల ఊళ్లో ఒక్కడూ లేడు. అయినా బస్సుల్లో జనం రావడం మొదలయ్యాక ఎవరూ నోరు మెదపలేదు. ఆ ఏడే చుట్టూ కంచె కట్టారు.

పద్నాలుగో ఏట ఆ చెట్టును అంటు కట్టి నాటింది నా చెల్లెలు. నాన్న స్థలం నా పేరున రాశాడు కాబట్టి, మునిసిపాలిటీకి కౌలుకిస్తూ తనను ఒక్క మాటైనా అడగలేదు. కౌలు నా జీవితకాలానికే. నాతోనే పోతుంది.

కంచె కట్టాక వచ్చిన మొదటి కాపుకు తను బుట్ట పట్టుకుని వచ్చింది. జనం ముందు నేను, "ఇది ఊరి చెట్టమ్మా, కాయలు కోయకూడదు" అన్నాను. "అయితే ఊరినే చెల్లెలనుకో అన్నయ్యా" అని వెళ్లిపోయింది. మళ్లీ నా గడప తొక్కలేదు. తప్పు నాది. నాకు సిగ్గుగా ఉంది.

5. చెట్టు ఉంచుకుంటుందో, కొట్టేయిస్తుందో తన ఇష్టం. బస్సులు ఆగిపోతాయని ఎవరూ వెళ్లి తనను బతిమాలకూడదు. కంచె తాళంచెవి ఈ కవరులోనే పెట్టాను. తను బుట్టతో వచ్చిన రోజున అది మునిసిపాలిటీలో ఉందని తనకు చెప్పాను. ఇన్నేళ్లూ నా జేబులోనే ఉంది.

తేదీ: 14 మార్చి 2016

(సంతకం) బోర్డుల మేస్త్రి

సాక్షులు:
డాక్టరమ్మ
మా వీధి కటింగ్ షాపు యజమాని