రుద్దితే పొంగే మచ్చలు

పులివెందుల,
జూన్ 1965

ప్రియమైన వైదేహికి,

బస్సు కదిలాక నువ్వు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నావు. ఇంజను మోతలో వినపడలేదు. దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడి, తిన్నగా కచ్చేరికి పోయాను. ఇంటికి పోబుద్ధి కాలేదు.

నీకు కోపం వచ్చిందని తెలుసు. అయినా నా పరిస్థితి ఆలోచించు. నీ చేతుల మీద, వీపు మీద ఆ గోధుమరంగు మచ్చలు కనిపించినప్పటి నుంచీ ఇంట్లో మనశ్శాంతి లేదు. కొళాయి దగ్గర ఆడవాళ్లు పెద్దరోగం, కుష్ఠే అనుకున్న మాట అమ్మ చెవిన పడింది. బడిలో కూడా నిన్ను సెలవు పెట్టమన్నారు. పిల్లలకు పాఠం చెప్పే చెయ్యి కదా, తల్లిదండ్రులు ఊరుకుంటారా? నువ్వు వెళ్లీ వెళ్లగానే అమ్మ నీ పరుపు తీయించి ఎండలో వేయించింది. అమ్మకు అసహ్యం ఎక్కువ, ఏం చేసేది? పెద్దావిడ, పైగా నాన్న పోయాక నేనే దిక్కు. ఆమె మాట కాదనలేను.

కొన్నాళ్లు మీ అన్న దగ్గర ఉండు. ప్రొద్దుటూరులో మంచి వైద్యులున్నారు. నీ జాబులు మాత్రం కచ్చేరి చిరునామాకు రాయి. ఇంటికి వస్తే అమ్మ ముట్టనివ్వదు.

వేళకు తిను. దిగులు పడొద్దు.

నీ
గురురాజు

ప్రొద్దుటూరు,
జూన్ 1965

ప్రియమైన మీకు, నమస్కారాలు.

బస్సులోంచి నేనన్న మాట, "ఆదివారం రండి" అని. అంతే.

పార్థసారథి అన్న మారలేదు. విశాలాక్షి వదిన కూడా నోరు తెరిచి ఏమీ అనలేదు. కాని నేను వచ్చిన మరునాడే గూట్లో నా గ్లాసు ఒక్కటే వేరుగా నిలబడింది. నేను లేచిన చాప మీద పిల్లలు కూర్చోబోతే, నవ్వుతూనే వాళ్లను ఒళ్లోకి లాక్కుంటుంది. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండును.

మొన్న ఆమెతో బట్టల అంగడికి పోయాను. బాలకృష్ణయ్య గారి అంగడి. నా పెండ్లి చీర అక్కడే కొన్నాం, గుర్తుందా? రవిక గుడ్డ మీద చెయ్యి వేశాను. ఆయన నా మణికట్టు చూశాడు. "అమ్మా, నువ్వు చూడు, నేను విప్పి చూపిస్తా. ముట్టుకోవాకు," అన్నాడు మెత్తగా. మెట్లు దిగి వెనక్కి చూస్తే, నేను ముట్టుకున్న గుడ్డ చివర కత్తెరతో కోసి, ఆ ముక్కను గజంబద్దతో మురిక్కాలువలోకి తోస్తున్నాడు. తోసి, బద్దను కడగమని లోపలికి ఇచ్చాడు.

ఇంటికొచ్చి కొబ్బరిపీచుతో చేతులు తోముకున్నాను. నా చర్మం మీద నాకే రోత పుట్టింది. మచ్చ పోలేదు సరికదా, రుద్దిన చోటల్లా కందిరీగ కుట్టినట్టు పొంగింది. ఎర్రగా లేచి, ప్రాణం తీసే దురద. కాసేపటికి అణిగింది. పెద్దరోగం మచ్చకు స్పర్శ ఉండదంటారు కదా. నాకు కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. ఈ సంగతి అత్తమ్మకు చెప్పండి. మూడేండ్లు నన్ను కూతురిలా చూసిన మనిషి నా పరుపు ఎండలో వేయించిందంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. పరాయివాళ్లు ఏం చేసినా ఓర్చుకుంటాను. ఆమె చేసింది ఓర్చుకోలేను.

ఈ ఆదివారమైనా వస్తారా?

మీ
వైదేహి

పులివెందుల,
జూలై 1965

ప్రియమైన వైదేహికి,

కచ్చేరిలో జమాబందీ, శిస్తు లెక్కల తనిఖీ పనితో తల తిరిగిపోతోంది. అందుకే రాలేదు, వేరే అనుకోవద్దు.

నీ జాబు రెండు రోజులు ఎండలో పెట్టి చదివాను. అమ్మ పట్టుదల. ఇంటికి సున్నం కొట్టించాం. నీ పెట్టెలోని చీరలు కూడా అమ్మ తీయించి కాల్పించింది. నేను అడ్డుపడలేకపోయాను. చీరలదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు.

నువ్వు దురద గురించీ పొంగడం గురించీ అంత వివరంగా రాయకు. చదివిన పూట అన్నం దిగలేదు. జమ్మలమడుగు పెద్దాసుపత్రిలో ఇలాంటివి చూస్తారట. ఒకసారి వెళ్లు. ఊరిపేరు, ఇంటిపేరు మాత్రం మార్చి చెప్పు. నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు కదా.

అమ్మకు నీ నమస్కారం చెప్పాను. విని ముఖం తిప్పుకుని పోయింది.

నీ
గురురాజు

జమ్మలమడుగు,
ఆగస్టు 1965

ప్రియమైన మీకు,

ఈ జాబు చూసి మీరు సంతోషిస్తారు. కాని ముందు జరిగింది చెప్పాలి.

ప్రొద్దుటూరులో పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మెడ మీద కందిరీగ కుట్టింది. ఒక్కటే. అంతలోనే ఒళ్లంతా సెగలు కక్కింది, మచ్చలన్నీ ఒక్కసారిగా లేచాయి, వాంతి అయింది, కళ్లు చీకట్లు కమ్మాయి. కిందపడ్డాక వదిన గొంతు వినపడుతూనే ఉంది. ఆమె గడప దగ్గరే నిలబడి అన్నను పిలుస్తోంది తప్ప నన్ను ముట్టుకోలేదు. నేను పోతున్నాననే అనుకున్నాను. అన్న నన్ను భుజాన వేసుకుని వీధి చివరి డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. సూది పడ్డాక ఊపిరి తిరిగింది. ఒక కందిరీగకు మనిషి ఇలా పడిపోవడమేమిటని ఆ డాక్టరే మమ్మల్ని ఇక్కడికి పంపాడు.

ఇక్కడ పెద్దరోగం వాళ్ల వరసలోనే కూర్చోబెట్టారు. పేరు మార్చలేదు, అసలు పేరే చెప్పాను. పక్కన మాబున్ని అని ఒకావిడ, చేతి వేళ్లు సగానికి అరిగిపోయినవి. నా వాలకం చూసి, "నీళ్లు తాగుతావామ్మా?" అని చెంబు చాచింది. నేను పక్కకు జరిగాను. ఆలోచించి కాదు, ఒళ్లే జరిగింది. ఆమె చెంబు ఒళ్లో పెట్టుకుంది. బాలకృష్ణయ్యను తిట్టుకున్న నోరు నాదే కదా. అప్పటి నుంచీ ఆ నోరు చేదుగా ఉంది.

డాక్టరు నిర్మలమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఇన్ని నెలల్లో ఒక ఆడమనిషి నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. పెన్ను మొండికొనతో ఒక మచ్చను రుద్ది, గడియారం చూస్తూ కూర్చున్నారు. మచ్చ పొంగింది. ఆమె నవ్వారు. "కుష్ఠు మచ్చ ఇట్ల పొంగదు. నీది వేరే కత," అన్నారు.

చర్మంలో చిన్న ముక్క కోసి, నీలిరంగు వేసి, మైక్రోస్కోపు కింద నాకే చూపించారు. కొన్ని కణాల నిండా, ఆ నీలం పట్టి ఊదారంగుకు తిరిగిన గింజలు కిక్కిరిసి ఉన్నాయి. వాటిని మాస్ట్ కణాలంటారట. అందరి చర్మంలోనూ ఉంటాయి, నాలో మరీ ఎక్కువ ఉన్నాయి. ఏదైనా కుట్టినా, రుద్దినా, వేడి తగిలినా అవి ఆ గింజలను బయటికి కక్కుతాయి. అందులో హిస్టమిన్ అనేది వాపూ దురదా తెస్తుంది. దాంతోపాటే మాంసకృత్తులను కోసే ఎంజైములు కూడా వస్తాయి.

"కడుపులో పప్పు అరిగేదానికి ఎంజైములు ఉంటాయి చూడు, వాటికి దాయాదులు ఇవి," అన్నారు ఆమె. "కండా చర్మం మధ్య బిగువును కోసి, రక్తంలోని కాపలా కణాలు వచ్చేదానికి దావ చేస్తాయి. చెడిపోయిన ముక్కల్ని కోసేస్తాయి, గాయం మానేదానికి సాయపడతాయి అంటాండారు. కుట్టిన పురుగు విషాన్ని కూడా ఈ కణాలు విరిచేస్తాయేమోనని కొందరు వెతుకుతాండారు. అది ఇంకా తేలలేదు."

"మంచి చేసేవైతే నన్నెందుకు చంపబోయినాయి?" అని అడిగాను.

"చిటికెడు పడాల్సిన చోట గంప బోర్లిస్తే ఏమయితాది? ఒళ్లంతా ఒకేసారి వదిలినాయి. రక్తనాళాలు వదులైపోయి పడిపోయినావు."

ఇది అంటదు. పెద్దల పాపం కాదు, నా పాపం కాదు. మచ్చలు పోకపోవచ్చు. వేడినీళ్లు, గట్టిగా తోమడం మానాలి, కందిరీగలకు దూరంగా ఉండాలి. కాగితం రాసి సంతకం చేసి ఇచ్చారు. అత్తమ్మకు చదివి వినిపించండి. ఆమె మనసు కరిగితే చాలు, నేను అంతా మరిచిపోతాను.

మీ
వైదేహి

పులివెందుల,
సెప్టెంబరు 1965

ప్రియమైన వైదేహికి,

నీ జాబు చదివి గుండె తేలికపడింది. డాక్టరు కాగితం అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. కొంత మెత్తబడింది.

అయితే ఆమె కొన్ని మాటలు చెప్పింది. వచ్చేముందు ఆసుపత్రిలో కట్టిన బట్టలన్నీ పారేసి రావాలట. పురోహితుణ్ని పిలిచి శుద్ధి చేయించాలట. కొన్నాళ్లు నువ్వు ముందరి గదిలో పడుకోవాలట. వంటింట్లోకి రావద్దట. చేతులు మణికట్టుదాకా మూసే రవికలు కుట్టించుకో. వీధిలో ఎవరైనా అడిగితే వేడికి లేచిన పొక్కులని చెబుదాం. కణాలు, ఎంజైములు అని మొదలుపెట్టకు, వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

అమ్మ పాతకాలం మనిషి. నువ్వే సర్దుకోవాలి. వచ్చే తేదీ ముందుగా రాయి, బస్సు దగ్గరికి వస్తాను.

నీ
గురురాజు

జమ్మలమడుగు,
నవంబరు 1965

గురురాజారావు గారికి,

నేను తేదీ రాయకుండానే పులివెందులకు వచ్చాను. మీరు తొండూరు క్యాంపులో ఉన్నారు. ఆ సాయంత్రం మీరు వచ్చాక జరిగింది మీకు తెలుసు. దానికి ముందు జరిగింది తెలియదు. అందుకే ఈ జాబు.

తలుపు అత్తమ్మ తీసింది. దూరంగా నిలబడాలని నేను మెట్టు కిందే ఆగిపోయాను. ఆమె గబగబా దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "యాడికి పోతివే ఇన్నాళ్లు? నా మీద కోపమా? ఒక్క జాబన్నా రాయకపోతివి," అంది.

నాకేమీ అర్థం కాలేదు. ఆమెకు తెలిసిందల్లా మీరు చెప్పిందే. నాకు పుట్టింటి మీద బెంగ, అత్తగారి ముఖం చూడనని పంతం, ఎవరూ రావద్దని కబురు. నా చీరలు ప్రొద్దుటూరుకు పంపానని చెప్పారట. డాక్టరు కాగితం సంగతే ఆమెకు తెలియదు.

వంటింట్లోనే కూర్చోబెట్టి అన్నం పెట్టింది. వీపు చూపించమంది. తడిమిన చోట మచ్చలు లేస్తుంటే చెయ్యి తీసేస్తుందని చూశాను. తీయలేదు. "ఏందే ఇది, నా చెయ్యి పడితే పొంగుతాంది. నొప్పా?" అని అడిగింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. విని, "అయితే నీ ఒంట్లో కాపలా శానా ఎక్కువైంది. దానికి నిన్ను ఇంట్లో నుంచి తోలేదేంది?" అంది.

అప్పుడు మీ జాబుల్లోని మాటలు ఆమెకు చెప్పాను. పరుపు, సున్నం, చీరలు, శుద్ధి. ఒక్కొక్కటి వింటూ ఆమె ముఖం రాయైపోయింది. "నేను అన్నానా? నేనా?" అని మాత్రం అడిగింది. నా జాబులు కచ్చేరికే వస్తుంటే, వాటిని అత్తమ్మ ఎండలో ఎలా పెట్టిస్తుందని నాకైనా తోచి ఉండాల్సింది. మీ మీద నమ్మకంతో ఆమె మీద కోపం పెంచుకున్నాను.

మీరు వచ్చారు. గడప మీదే ఆగిపోయారు. నేను నీళ్లు ఇచ్చాను. గ్లాసును పైపంచె చివరతో పట్టుకుని, "దాహం లేదు," అని తులసి మొక్క మొదట్లో పోసి, వేళ్లు పంచెకు తుడుచుకున్నారు. మీ ముక్కుపుటాలు ఎలా ముడుచుకున్నాయో మీకు తెలియదు. గుడ్డ ముక్క కోసి పారేసిన అంగడాయన ముఖం కూడా అంత వికారంగా లేదు. నా మీద నాకు పుట్టిన రోత అంతా అప్పుడు నన్ను వదిలి మీ మీదికి వచ్చింది. ఇప్పటికీ దిగలేదు.

వెనక ఉన్న అత్తమ్మ చూసింది. "నీ అసహ్యానికి నా పేరెందుకు పెట్టినావురా?" అని ఆమె అడిగితే, మీరు "ఊరు ఏమనుకుంటుందమ్మా," అన్నారు. అమ్మ అనే సాకు పోయి ఊరు అనే సాకు వచ్చింది. మీ మాటగా ఒక్కటీ రాలేదు.

తెల్లవారి నేను బస్సెక్కితే, మూటతో ఆమె కూడా ఎక్కింది. నేను రమ్మనలేదు.

ఇక్కడ ఆసుపత్రి దగ్గర పిల్లల బడిలో నాకు పని దొరికింది. మోచేతుల దాకా రవిక వేసుకునే పాఠం చెబుతున్నాను. పిల్లలు మచ్చను రుద్ది, పొంగేదాకా కాచుకుని చూస్తారు, వద్దంటే వినరు. వాసనకు పురుగు రాదని వేపాకులు పెట్టిన గుడ్డతో ముఖం కప్పుకోకుండా కందిరీగలున్న చెట్టు దగ్గరికి నన్ను అత్తమ్మ పోనివ్వదు. ఆమె మడి ఆమెకుంది. మాబున్ని అరుగు మీదికి వస్తే గంటలు మాట్లాడుతుంది, లోపలికి మాత్రం రానివ్వదు. దాని మీద మా ఇద్దరికీ రోజూ పోట్లాటే. ఆ పోట్లాట ముఖాముఖి జరుగుతుంది.

నేను తిరిగి రాను. మీరు పిలిచినా, మచ్చలు మాయమైనా రాను.

కింద రాసేది అత్తమ్మ మాట. ఆమెకు రాత రాదు కనుక, పక్కన కూర్చుని చెబుతుంటే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"గురురాజూ, అన్నం వేళకు తింటాండావా? నా పేరు మీద ఇంకెవరికీ ఏమీ రాయాకు. నీకు అసహ్యమైతే నాకు అసహ్యం అని రాయి. ఆ మాట రాసినాక ఈడికి రా, నీళ్లిస్తా. వైదేహి ఆపొద్దు నీకిచ్చిన గ్లాసుతోనే ఇస్తా, అది నా మూటలోనే ఉంది. తాగితే కూర్చో."

ఇట్లు,
వైదేహి