దున్నించని వాలు

జూనిపర్ వాగు, ఆరెగన్
సెప్టెంబరు 20

నాన్నా,

నీ కాలి కట్టు విప్పారని నర్సు ఫోన్లో చెప్పింది. మనసు కుదుటపడింది. ఇక నిజం దాచలేను. తూర్పు వాలు దున్నించి కొత్త గడ్డి విత్తనం వేయించానని నీతో చెప్పాను కదా, అది అబద్ధం.

నువ్వు పురమాయించినట్టే పక్క పొలం డ్యూయీ ట్రాక్టరు తెచ్చాడు. వాలును కాల్చేసిన మంటలు ఆరి అప్పటికి పది రోజులు. వాలంతా బూడిద. అతను నాగలి దించుతుంటే, మాడిన గడ్డి దుబ్బు ఒకటి ఊరికే పట్టుకుని లాగాను. రాలేదు. కత్తితో మొదలు చీల్చి చూస్తే లోపల తెల్లగా, తడిగా ఉంది. ఇంకో ఇరవై లాగాను. మూడే ఊడాయి.

"అది చచ్చిందమ్మాయ్, పక్కకు జరుగు," అన్నాడు డ్యూయీ.

"చచ్చిందైతే నువ్వే పీకు, చూద్దాం."

పీకబోయి వెల్లకిలా పడ్డాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ, "మీ నాన్నతో నువ్వే చెప్పుకో, నన్ను ఇరికించకు," అని బండి తిప్పుకుని పోయాడు.

మొన్నటి వానకు దుబ్బుల నడుమ నుంచి వేలెడంత పచ్చటి పిలకలు లేచాయి. దున్ని ఉంటే అన్నీ వేళ్ళతో సహా పోయేవి. ఆ ఖాళీలో పిచ్చిగడ్డి పుట్టి, జూన్‌కల్లా ఎండి, మళ్ళీ నిప్పు రాజేసేది. ఈ పిలకలు కుదురుకోవాలంటే రెండేళ్ళు ఆవుల్ని అటు తోలకూడదు. అందుకే సగం మందను పిన్ని వాళ్ళ బీడుకు పంపేశాను, అదీ నిన్ను అడగకుండానే.

ఇంటికొచ్చి వాలు చూడు. తిట్టేది ఆ తర్వాత తిట్టు.

నీ వెర్నా


ఆసుపత్రి నుంచి
సెప్టెంబరు 27

వెర్నా తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపమే వచ్చింది.

మన ఉత్తర దిక్కు మెట్టలో పిచ్చిగడ్డి తప్ప ఏదీ బతకదని ఏటా విసుక్కుంటాను కదా, దాన్ని పాడుచేసింది నేనే. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు అదీ ఇలాగే కాలింది. మీ తాత దున్నమన్నాడు. నాగలి వెనక తిరగబడ్డ దుబ్బుల మొదళ్ళు తెల్లగా ఉండటం నా కళ్ళతో చూశాను. ఆయనకు ఎదురు చెప్పే ధైర్యం లేక పొద్దుగూకే దాకా దున్నాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నిన్నూ దున్నమన్నాను చూడు, ఆనాడు చేసింది తప్పు కాదని నాకు నేను చెప్పుకోవడానికేనేమో.

మిగతా మందను కూడా మీ పిన్ని దగ్గరికి తోలించు. శనివారం నన్ను వదిలేస్తారట. ఇంటికి కాదు, ముందు వాలు దగ్గరికే తీసుకుపో. చేతికర్రతో మెల్లగా నడుస్తాను. ఎక్కడ అడుగు వెయ్యకూడదో నువ్వే చెబుదువుగాని.

మీ నాన్న,
హార్లన్